వృద్ధాప్యంలో పోపు పదవీ విరమణ

రోమన్ కథోలిక శ్రీసభకు అధిపతి అయిన పోపు మరణానికి ముందే తన పదవిని స్వయంగా వదులుకోవడాన్ని పోపు పదవీ విరమణ అంటారు. ఈ పదవికి కాలపరిమితి గాని, వయోపరిమితి గాని లేదు. ఎన్నికైన వ్యక్తి సాధారణంగా జీవితాంతం కొనసాగుతాడు. అయితే విరమించే హక్కు ఆయనకు శ్రీసభ చట్టంలోనే ఉన్నది. 2013లో 16వ బెనెడిక్ట్ ఆ హక్కును వినియోగించుకొన్నాడు. 2005లో రెండవ జాన్ పాల్, 2025లో ఫ్రాన్సిస్ పదవిలో ఉండగానే మరణించారు. వృద్ధుడు, రోగగ్రస్తుడు అయిన పోపు తప్పుకోవాలా, కొనసాగాలా అన్న ప్రశ్న ఈ మూడు ఉదాహరణల వల్ల పదే పదే చర్చకు వచ్చింది.

ఇది రోము నగరానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ప్రపంచంలోని ప్రతి బిషప్పుకు 75 ఏళ్లకు రాజీనామా సమర్పించే నియమం ఉన్నది. విశాఖపట్నం, హైదరాబాదు అగ్రపీఠాలలో ఈ నియమం అమలు కావడాన్ని తెలుగు కథోలికులు చూశారు. ఆ నియమం పోపుకు ఎందుకు వర్తించదు, వర్తించకపోవడం వల్ల ఏర్పడిన చిక్కు ఏమిటి అన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

పదజాలం

తెలుగు కథోలికులు పోపును పాపుగారు అనీ, బిషప్పును మేత్రాణులు అనీ, ఆయన పరిధిలోని ప్రాంతాన్ని మేత్రాసనం అనీ వ్యవహరిస్తారు. ఆర్చిబిషప్పు అగ్రపీఠాధిపతి, ఆయన పరిధి అగ్రపీఠం. ఒక ఊరికి లేదా కొన్ని ఊళ్లకు కలిపి ఉన్న చర్చి పరిధిని విచారణ అంటారు. దానికి బాధ్యుడు విచారణ గురువు. పోపుకు సలహాదారులుగా ఉంటూ, ఆయన అనంతరం కొత్త పోపును ఎన్నుకొనేవారు కార్డినల్స్. ఆ ఎన్నిక కోసం వారు తలుపులు మూసుకొని జరిపే సమావేశం పేరు కాంక్లేవ్.

పాఠకులు ఒక విషయం గుర్తుంచుకోవలసి ఉన్నది. పోపు అనే పదవి బిషప్పు పదవికి పైన విడిగా ఉన్న మరొక దీక్ష కాదు. రోము నగరపు మేత్రాణులుగా ఉన్నందువల్లనే ఆయన పోపు అవుతున్నాడు. చర్చలోని వాదాలలో చాలావరకు ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

విశాఖ అగ్రపీఠంలో 75 ఏళ్ల నియమం

విశాఖపట్నం మేత్రాసనం 1886లో ఏర్పడింది. ఆనాటి పోపు 13వ లియో. ఆయన 1903లో తన 93వ ఏట, పదవిలో ఉండగానే మరణించాడు. 2001లో రెండవ జాన్ పాల్ విశాఖను అగ్రపీఠం స్థాయికి పెంచాడు. అప్పటికి ఆయన వయస్సు 81. గోస్తని నది ఒడ్డున ఉన్న తగరపువలస, దాని పక్కనున్న భీమునిపట్నం ఈ అగ్రపీఠం పరిధిలోనివే.

తొలి అగ్రపీఠాధిపతి కాగితపు మరియదాసు 1936లో జన్మించాడు. 1982 నుండి విశాఖ మేత్రాణులుగా ఉండి, 2001లో అగ్రపీఠాధిపతి అయ్యాడు. 75 ఏళ్లు నిండిన తరువాత 2012 జూలైలో ఆయన రాజీనామా ఆమోదం పొందింది. ఆయన స్థానంలో మల్లవరపు ప్రకాశ్ నియమితుడయ్యాడు. 1949లో జన్మించిన ప్రకాశ్ కూడా 75 ఏళ్లు నిండిన తరువాత పదవి నుండి విరమించాడు. 2025 ఫిబ్రవరిలో వరంగల్లు మేత్రాణులుగా ఉన్న ఉడుముల బాలశౌరెడ్డిని పోపు ఫ్రాన్సిస్ విశాఖ అగ్రపీఠాధిపతిగా నియమించాడు. హైదరాబాదులోనూ ఇటువంటి మార్పే జరిగింది. 1944లో జన్మించిన తుమ్మ బాల 2020 నవంబరులో విరమించగా, కర్నూలు మేత్రాణులుగా ఉన్న పూల ఆంథోని ఆ స్థానానికి వచ్చాడు.

ఇక్కడ ఒక పోలిక ఉపయోగకరంగా ఉంటుంది. పోపు ఫ్రాన్సిస్ కూడా 1936లోనే జన్మించాడు. అంటే మరియదాసు, ఫ్రాన్సిస్ ఒకే ఏడాది పుట్టినవారు. 75 ఏళ్లు దాటినందున ఒకరు విశాఖ బాధ్యతల నుండి తప్పుకొన్నారు. ఏడాది తిరగకుండానే రెండవవారు 76 ఏళ్ల వయస్సులో ప్రపంచ కథోలికులందరి బాధ్యతను స్వీకరించారు. అప్పటికి ఫ్రాన్సిస్ కూడా అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరీస్ ఆర్చిబిషప్పుగా తన రాజీనామాను సమర్పించి, ఆమోదం కోసం ఎదురుచూస్తున్నవాడే. ఒక మేత్రాసనాన్ని నడపడానికి ఎక్కువైన వయస్సు మొత్తం శ్రీసభను నడపడానికి ఎక్కువ కాలేదా అని సామాన్య పాఠకునికి సందేహం కలగడం సహజం.

చట్టం చెప్పేది

1962-65 మధ్య జరిగిన రెండవ వాటికన్ మహాసభ, వయోభారం వల్ల బాధ్యత నిర్వహించలేని మేత్రాణులు స్వయంగా తప్పుకోవాలని కోరింది. 1966లో పోపు 6వ పాల్ ఆ వయస్సును 75గా నిర్దేశించాడు. 1970లో ఆయనే మరొక నియమం చేశాడు. 80 ఏళ్లు నిండిన కార్డినల్స్‌కు పోపు ఎన్నికలో ఓటు హక్కు లేదు. 1983లో వెలువడిన కానన్ న్యాయసంహితలో ఈ విషయంపై ముఖ్యమైన శాసనాలు ఇవి.

* 401వ శాసనం: 75 ఏళ్లు నిండిన మేత్రాణులు పోపుకు రాజీనామా సమర్పించవలసిందిగా కోరబడతారు. పరిస్థితులను బట్టి పోపు నిర్ణయం తీసుకొంటాడు. అనారోగ్యం వంటి తీవ్ర కారణం ఉంటే ఆ వయస్సు రాకముందే రాజీనామా చేయాలి.
* 538వ శాసనం: విచారణ గురువులు కూడా 75 ఏళ్లు నిండగానే తమ మేత్రాణులకు రాజీనామా సమర్పించాలి.
* 332వ శాసనం, రెండవ భాగం: పోపు రాజీనామా చెల్లాలంటే రెండు షరతులు. అది స్వేచ్ఛగా చేసినదై ఉండాలి, తగిన రీతిలో వెల్లడి కావాలి. దానిని ఎవరూ ఆమోదించవలసిన అవసరం లేదు.
* 335వ శాసనం: రోము పీఠం ఖాళీగా ఉన్నప్పుడు గాని, పూర్తిగా ఆటంకానికి లోనైనప్పుడు గాని శ్రీసభ పాలనలో కొత్త మార్పులేవీ చేయరాదు. అటువంటి సందర్భాలకు చేసిన ప్రత్యేక చట్టాలను పాటించాలి.

మొదటి శాసనానికీ మూడవదానికీ ఉన్న తేడాను గమనించాలి. మేత్రాణుల రాజీనామాను స్వీకరించే పై అధికారి ఉన్నాడు, ఆయన పోపు. ఆమోదించవచ్చు, కొంతకాలం ఆగమనవచ్చు. పోపు రాజీనామాను స్వీకరించే పై అధికారి భూమి మీద లేడు. కనుక 75 ఏళ్లకు రాజీనామా సమర్పించాలనే నియమాన్ని పోపుకు ఉన్నదున్నట్లు వర్తింపజేస్తే, ఆయన తన ఉత్తరాన్ని తనకే ఇచ్చుకొని తానే ఆమోదించుకోవలసి వస్తుంది. పోపుకు మినహాయింపు ఉండటానికి గౌరవం ఒక్కటే కారణం కాదు. చట్టం నిర్మాణంలోనే ఈ ఇబ్బంది ఉన్నది.

చరిత్ర

మధ్యయుగాలలో స్వచ్ఛంద విరమణకు ప్రసిద్ధమైన ఉదాహరణ 5వ సెలెస్టిన్. రెండేళ్లకు పైగా పీఠం ఖాళీగా ఉన్న తరువాత, కొండలలో తపస్సు చేసుకొంటున్న ఈ వృద్ధ సన్యాసిని 1294 జూలైలో పోపుగా ఎన్నుకొన్నారు. పరిపాలన తనకు చేతకాదని గ్రహించి ఆయన అదే ఏడాది డిసెంబరు 13న రాజీనామా చేశాడు. ఆయన తరువాత వచ్చిన 8వ బోనిఫేస్, పాత పోపు చుట్టూ ప్రత్యర్థులు చేరతారన్న భయంతో ఆయనను నిర్బంధంలో ఉంచాడు. 1296లో సెలెస్టిన్ ఆ నిర్బంధంలోనే మరణించాడు. మాజీ పోపు జీవించి ఉండటం కొత్త పోపుకు ఇబ్బంది అనే భావన ఆనాటిదే. అయితే పోపు రాజీనామా చేయవచ్చుననే నియమాన్ని శ్రీసభ చట్టంలో చేర్చినది కూడా ఆ బోనిఫేస్ కావడం విశేషం.

1415లో 12వ గ్రెగరీ రాజీనామాకు కారణం వేరు. అప్పట్లో ముగ్గురు తామే పోపులమని చెప్పుకొంటున్నారు. ఆ చీలికను ముగించడానికి జరిగిన కాన్‌స్టన్స్ సభ సందర్భంగా ఆయన తప్పుకొన్నాడు. ఆ తరువాత సుమారు 600 ఏళ్ల పాటు ఏ పోపూ రాజీనామా చేయలేదు.

అంతమాత్రాన ఆ ఆలోచన రాలేదని కాదు. తాను చికిత్సకు లొంగని వ్యాధికి లోనైతే తన రాజీనామాను అమలు చేయవచ్చునని 6వ పాల్ 1965లోనే ఉత్తరం రాసి ఉంచాడు. అది 2018లో ప్రచురితమైంది. రెండవ జాన్ పాల్ కూడా అటువంటి పత్రం సిద్ధం చేసుకొన్నట్లు ఆయన మరణానంతరం తెలియవచ్చింది.

మూడు ఉదాహరణలు

రెండవ జాన్ పాల్: 1978లో 58 ఏళ్ల వయస్సులో ఎన్నికయ్యాడు. 1986లో భారతదేశ పర్యటనకు వచ్చి మద్రాసుతో సహా అనేక నగరాలను సందర్శించినప్పుడు ఆయన మంచి ఆరోగ్యంతో ఉన్నాడు. చివరి దశాబ్దంలో పార్కిన్సన్ వ్యాధి ఆయనను క్రుంగదీసింది. 2005 ఫిబ్రవరిలో గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. మార్చి 27న, ఈస్టరు పండుగనాడు, కిటికీ వద్దకు వచ్చి ప్రజలను దీవించాడే గాని మాట పెగలలేదు. ఏప్రిల్ 2న 84వ ఏట మరణించాడు. బాధను దాచుకోకుండా భరించడం కూడా ఒక బోధనే అని ఆయనను అభిమానించేవారు భావించారు. ఆ కాలంలో పాలన నిజానికి ఎవరి చేతులలో ఉన్నదని మరికొందరు ప్రశ్నించారు.

16వ బెనెడిక్ట్: జాన్ పాల్ చివరి రోజులను దగ్గరనుండి చూసిన కార్డినల్ రాట్జింగర్ 78 ఏళ్ల వయస్సులో పోపు అయ్యాడు. శారీరకంగా, మానసికంగా, ఆధ్యాత్మికంగా బాధ్యత నిర్వహించలేనని పోపుకు స్పష్టంగా తెలిసినప్పుడు తప్పుకొనే హక్కు, కొన్ని సందర్భాలలో బాధ్యత కూడా ఉన్నదని 2010లో ప్రచురితమైన సంభాషణలో చెప్పాడు. అయితే ప్రమాదం చుట్టుముట్టిన సమయంలో పారిపోకూడదని కూడా అన్నాడు. 2013 ఫిబ్రవరి 11న కార్డినల్స్ సమావేశంలో లాటిన్ భాషలో తన నిర్ణయాన్ని ప్రకటించాడు. ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటలకు పీఠం ఖాళీ అయింది. అప్పుడు ఆయన వయస్సు 85. వాటికన్ లోని ఒక మఠంలో దాదాపు పదేళ్లు జీవించి 2022 డిసెంబరు 31న మరణించాడు.

ఫ్రాన్సిస్: 2013 మార్చి 13న ఎన్నికయ్యాడు. 2021లోను, 2023లోను ఉదర శస్త్రచికిత్సలు జరిగాయి. 2022 నుండి మోకాలి నొప్పి వల్ల చక్రాల కుర్చీ వాడాడు. 2022 ఆగస్టు 27న పూల ఆంథోనిని కార్డినల్ చేశాడు. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయనే, దళితులలో కూడా తొలి కార్డినల్ ఆయనే. ఆ మరునాడే ఫ్రాన్సిస్ ఇటలీలోని లాక్విలా పట్టణానికి వెళ్లాడు. 5వ సెలెస్టిన్ సమాధి అక్కడే ఉన్నది. బెనెడిక్ట్ కూడా 2009లో ఆ సమాధిని దర్శించి, నాలుగేళ్లకు రాజీనామా చేసి ఉన్నందున, ఫ్రాన్సిస్ కూడా తప్పుకోబోతున్నాడని పత్రికలు ఊహించాయి. ఆ ఊహ నిజం కాలేదు. శ్రీసభను నడిపేది మోకాలితో కాదు, తలతో అన్నది ఆయన సమాధానం. వైద్య కారణాల వల్ల తాను పనిచేయలేని స్థితికి వస్తే అమలు చేయడానికి ఒక రాజీనామా పత్రాన్ని 2013లోనే సంతకం చేసి అప్పటి వాటికన్ కార్యదర్శికి ఇచ్చానని ఆయన 2022 డిసెంబరులో వెల్లడించాడు. రాజీనామా ఆనవాయితీ కారాదని, పోపు పదవి జీవితకాలపు సేవ అని 2023లో అన్నాడు.

2025 ఫిబ్రవరి 14న ఆయన రోములోని జెమెల్లి ఆసుపత్రిలో చేరాడు. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా సోకింది. 38 రోజుల తరువాత మార్చి 23న ఇంటికి చేరాడు. ఏప్రిల్ 20న ఈస్టరు దీవెన ఇచ్చి, మరునాటి ఉదయం 88వ ఏట మరణించాడు.

కొనసాగాలనే వాదన

పోపు చివరి వరకు ఉండాలనేవారు చెప్పే కారణాలు ప్రధానంగా నాలుగు.

* పోపు ఒక సంస్థకు నిర్వాహకుడు మాత్రమే కాదు, విశ్వాసులకు తండ్రి. మంచాన పడినంత మాత్రాన తండ్రి తండ్రి కాకుండా పోడు.
* వృద్ధాప్యాన్ని, రోగాన్ని పనికిరానితనంగా చూసే కాలంలో, ఆ స్థితిలోనూ మనిషికి విలువ ఉన్నదని పోపు తన జీవితంతోనే చూపుతాడు.
* విరమణ అలవాటుగా మారితే, పోపుకు జలుబు చేసినప్పుడల్లా ఆయన విధానాలు నచ్చనివారు రాజీనామా కోరతారు. ఒత్తిడికి లొంగి చేసిన రాజీనామా స్వేచ్ఛగా చేసినది కాదు, కనుక అది చెల్లుతుందా అన్న వివాదం పుడుతుంది.
* ఇద్దరు పోపులు జీవించి ఉంటే విశ్వాసులు రెండుగా చీలే ప్రమాదం ఉన్నది.

వీటిలో మూడవది తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఫ్రాన్సిస్ ఆసుపత్రిలో ఉన్న 38 రోజులలోనూ రాజీనామా ఊహాగానాలు ఆగలేదు. అయితే ఆ సమయంలో కూడా బిషప్పుల నియామకాలు వెలువడుతూనే ఉన్నాయి. శరీరం బలహీనపడటం, నిర్ణయశక్తి నశించడం ఒకటి కావని దీనివల్ల తెలుస్తున్నది.

విరమించాలనే వాదన

రెండవ పక్షం వారు పోపు రోము మేత్రాణులు అన్న విషయంతోనే మొదలుపెడతారు. విశాఖ మేత్రాణులకు 75 ఏళ్లకు విశ్రాంతి అవసరమైతే రోము మేత్రాణులకు ఎందుకు అవసరం కాదు? 80 నిండిన కార్డినల్ ఒక్క ఓటు వేయడానికి అర్హుడు కాడు. 80 దాటిన పోపు మాత్రం ఆ కార్డినల్స్ అందరినీ నియమించగలడు.

పని భారం రెండవ కారణం. మేత్రాణుల నియామకాలపై తుది నిర్ణయం పోపుదే. ఆంధ్ర ప్రదేశ్ లో ఒక మేత్రాసనం ఖాళీ అయితే, స్థానికంగా ఎంత విచారణ జరిగినా చివరి మాట రోము నుండి రావాలి. పోపు నిర్ణయించలేని స్థితిలో నెలల తరబడి ఉంటే, కొత్త మేత్రాణుల కోసం ఎదురుచూసే విచారణలు, పాఠశాలలు, ఆసుపత్రులు తాత్కాలిక పరిపాలకుల కింద నడవవలసి వస్తుంది. దీర్ఘకాలిక నిర్ణయాలు వాయిదా పడతాయి.

మూడవది వైద్యం. 13వ లియో కాలంలో తీవ్రంగా జబ్బుపడిన వృద్ధుడు కొద్ది రోజులలో కోలుకోవడమో, మరణించడమో జరిగేది. నేటి వైద్యం స్పృహ లేని మనిషిని కూడా చాలాకాలం బ్రతికించగలదు. మతిమరుపు వ్యాధితో బాధపడే మనిషి శారీరకంగా ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉండవచ్చు. జీవితాంతం అన్న మాటకు 1903లో ఉన్న అర్థమే నేడు కూడా ఉన్నదని చెప్పలేము.

చట్టంలోని ఖాళీ

పై రెండు వాదాలూ పోపు తన విషయం తాను ఆలోచించుకోగల స్థితిలో ఉన్నాడని అనుకొని సాగేవే. ఆయన ఆ స్థితిలో లేకపోతే ఏమిటన్నదే కఠినమైన ప్రశ్న.

రాజీనామా స్వేచ్ఛగా జరగాలి. స్పృహ లేని మనిషి స్వేచ్ఛగా ఏదీ చేయలేడు. ఇతరులు ఆయనను తొలగించే మార్గం చట్టంలో లేదు. అనగా రాజీనామా అత్యవసరమయ్యే పరిస్థితి ఏదో, సరిగ్గా ఆ పరిస్థితిలోనే రాజీనామా అసాధ్యమవుతుంది.

మామూలు మేత్రాసనంలో ఈ చిక్కు రాదు. మేత్రాణులు నిర్బంధం వల్ల గాని, అశక్తత వల్ల గాని ఉత్తరం ద్వారా కూడా తన ప్రజలతో సంబంధం పెట్టుకోలేని స్థితిని న్యాయసంహిత ఆటంకానికి లోనైన పీఠం అని నిర్వచించి, అప్పుడు పాలన ఎవరు చూడాలో వివరించింది. ఆపైన పోపు ఉండనే ఉన్నాడు. రోము పీఠం విషయంలో 335వ శాసనం ప్రత్యేక చట్టాలను పాటించమన్నది. పీఠం ఖాళీ అయినప్పుడు పాటించవలసిన చట్టాన్ని రెండవ జాన్ పాల్ 1996లో వివరంగా రూపొందించాడు. పీఠం ఆటంకానికి లోనైనప్పుడు పాటించవలసిన ప్రత్యేక చట్టాన్ని మాత్రం 1983 తరువాత వచ్చిన పోపులు వెలువరించలేదు.

ముందుగా సంతకం చేసిన ఉత్తరాలు ఈ ఖాళీని పూడ్చడానికి చేసిన వ్యక్తిగత ప్రయత్నాలు. వాటిలోనూ చిక్కులు ఉన్నాయి. షరతు నెరవేరినదని ఎవరు నిర్ణయించాలి? వైద్యులా, కార్డినల్సా? ఎన్నో ఏళ్ల క్రితం రాసిన ఉత్తరం ఈనాటి స్వేచ్ఛా నిర్ణయం అవుతుందా? ఫ్రాన్సిస్ ఉత్తరం అందుకొన్న కార్యదర్శి 2013 అక్టోబరులోనే ఆ పదవి నుండి తప్పుకొన్నాడు. ఇటువంటి పత్రం చెల్లదని ఒక వర్గం వాదిస్తే, కొత్త పోపు ఎన్నికే వివాదాస్పదమవుతుంది. 1415కు ముందున్న చీలిక అటువంటి వివాదం నుండి పుట్టినదే.

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్దినా బోని, మరికొందరు న్యాయపండితులు 2021లో రెండు చట్టాల ముసాయిదాలను చర్చకు పెట్టారు. ఒకటి ఆటంకానికి లోనైన రోము పీఠం గురించి, రెండవది విరమించిన పోపు హోదా గురించి. ఫ్రాన్సిస్ వాటిని చట్టం చేయలేదు.

విరమించిన పోపు హోదా

2013 తరువాత బెనెడిక్ట్ విశ్రాంత పోపు అనే బిరుదును, తెల్లని దుస్తులను, తన పోపు పేరును ఉంచుకొన్నాడు. కొత్త పోపుకు విధేయత ప్రకటించాడు. అయినా ఫ్రాన్సిస్ విధానాలు నచ్చనివారు కొందరు బెనెడిక్టే అసలు పోపు అని ప్రచారం చేశారు. 2020లో గురువుల బ్రహ్మచర్యంపై ఒక కార్డినల్ రాసిన పుస్తకంలో బెనెడిక్ట్ సహరచయితగా కనిపించడం వివాదమైంది. చివరకు సహరచయితగా తన పేరు తొలగించమని ఆయన కోరాడు. ఈ ఇబ్బందులు విరమణ వల్ల వచ్చినవి అనడం కంటే, విరమణ తరువాతి జీవితానికి నియమాలు లేనందువల్ల వచ్చినవి అనడం సమంజసం. విరమించిన మేత్రాణుల విషయంలో ఇటువంటి గందరగోళం లేదు. వారికి విశ్రాంత మేత్రాణులు అనే స్పష్టమైన హోదా ఉన్నది. కొత్తవారి పాలనలో వారు జోక్యం చేసుకోరు.

ఇతర వ్యవస్థలతో పోలిక

కథోలిక శ్రీసభలోనే జెసూట్ సభ నాయకుని పదవి జీవితకాలపు పదవి. 1980లో పెద్రో అరూపే విరమించాలని తలచగా రెండవ జాన్ పాల్ ఆగమన్నాడు. 1981లో అరూపే పక్షవాతానికి గురయ్యాడు. ఆ తరువాత వచ్చిన కోల్వెన్‌బాక్ 2008లో 79 ఏళ్ల వయస్సులోను, నికొలాస్ 2016లో 80 ఏళ్ల వయస్సులోను రాజీనామా చేశారు. పదవి పేరుకు జీవితకాలానిదే అయినా, వయోభారంతో తప్పుకోవడం అక్కడ చీలికకు దారితీయలేదు.

మన దేశంలోని మఠాలలో మరొక పద్ధతి ఉన్నది. శృంగేరి పీఠాధిపతి భారతీ తీర్థ 2015లో విధుశేఖర భారతికి సన్యాసమిచ్చి ఉత్తరాధికారిగా ప్రకటించాడు. గురువు పదవిలో ఉండగానే శిష్యుడు బాధ్యతలు పంచుకొంటాడు, అందువల్ల విరమణ ప్రశ్న అంత తీవ్రంగా తలెత్తదు. పోపుకు ఈ వెసులుబాటు లేదు. తన తరువాతివానిని తానే నియమించుకోవడం ఆనవాయితీకి విరుద్ధం, ఎన్నిక కార్డినల్స్ చేయవలసినదే. ఇక 2018లో తిరుమల తిరుపతి దేవస్థానం అర్చకులకు 65 ఏళ్ల విరమణ వయస్సు అమలు చేసినప్పుడు, దైవసేవకు వయోపరిమితి ఉండవచ్చునా అన్న వివాదం న్యాయస్థానాల వరకు వెళ్లింది. ఆరాధనకు సంబంధించిన పదవిని ఉద్యోగంగా చూడవచ్చునా అన్న సందేహం ఒక్క మతానికి పరిమితం కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

లౌకిక పదవులలో ఈ సందేహం లేదు. సుప్రీం కోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు, హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు విరమిస్తారు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2022లో 60 నుండి 62కు పెరిగింది. ఈ పదవులన్నిటికీ వయస్సును నిర్ణయించి, అమలు చేసే మరొక అధికారం పైన ఉన్నది. పోపు పదవికి లేనిది అదే.

వయోపరిమితి పరిష్కారమా?

పోపుకు కూడా 80 లేదా 85 ఏళ్ల పరిమితి పెట్టవచ్చుగదా అని కొందరు సూచిస్తారు. ఒక పోపు అటువంటి చట్టం చేయవచ్చు. కాని తరువాతి పోపు దానిని ఒక్క సంతకంతో రద్దు చేయవచ్చు. 80వ ఏట తప్పుకోవడానికి ఇష్టపడనివానిని తప్పించే అధికారం ఎవరికీ ఉండదు. పైగా వయస్సు అశక్తతకు సరియైన కొలత కాదు. 85 ఏళ్లవానికి చురుకైన బుద్ధి ఉండవచ్చు, 70 ఏళ్లవాడు ప్రమాదంలో స్పృహ కోల్పోవచ్చు. వయోపరిమితి మొదటివానిని అనవసరంగా పంపివేస్తుంది, రెండవవాని విషయంలో ఏమీ చేయలేదు.

దీనికంటె పీఠం ఆటంకానికి లోనైనప్పటి విధానాన్ని పోపు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చట్టం చేయడం ప్రయోజనకరం. అశక్తతను ఎందరు వైద్యులు ధృవీకరించాలి, ఎంతకాలం వేచి ఉండాలి, ఆ కాలంలో ఏ పనులు నడవవచ్చు, ఏ స్థితిలో పీఠం ఖాళీ అయినట్లు భావించాలి అన్న ప్రశ్నలకు అందులో సమాధానాలు ఉండాలి. ఆ చట్టాన్ని ఆమోదించినవాడు పోపే కనుక, స్వేచ్ఛ అనే షరతుకు కూడా బలమైన ఆధారం దొరుకుతుంది.

2025 తరువాత

2025 మే 7, 8 తేదీలలో జరిగిన కాంక్లేవ్ లో 133 మంది కార్డినల్స్ ఓటు వేశారు. వారిలో నలుగురు భారతీయులు. ఆ నలుగురిలో పూల ఆంథోని ఒకడు. 1955 సెప్టెంబరులో అమెరికాలో జన్మించిన కార్డినల్ ప్రివోస్ట్ 14వ లియో పేరుతో ఎన్నికయ్యాడు. అప్పుడు ఆయన వయస్సు 69. అనగా ఆయన మామూలు మేత్రాణులైతే రాజీనామా సమర్పించవలసిన వయస్సు 2030లో వస్తుంది. ఈ ప్రశ్నను తొందర లేకుండా, ఏ ఒక్కరి అనారోగ్యాన్నీ ఉద్దేశించకుండా చర్చించడానికి ఇటువంటి సమయమే అనుకూలమైనది. పోపు మంచాన పడిన తరువాత చేసే చట్టం ఎంత మంచిదైనా, ఆ ఒక్క మనిషిని దించడానికి చేసినదన్న అనుమానానికి గురవుతుంది.

సమీక్ష

వృద్ధుడైన పోపు రాజీనామా చేయాలా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే ఒకే సమాధానం లేదు. జాన్ పాల్ ఉండిపోవడమూ, బెనెడిక్ట్ తప్పుకోవడమూ రెండూ చట్టబద్ధమే. ఇద్దరూ తమ మనస్సాక్షి ప్రకారం నడచుకొన్నారు. ఆలోచించగల పోపు విషయంలో నిర్ణయాన్ని ఆయనకే వదలడం సమంజసం. ఆలోచించలేని పోపు విషయంలో మాత్రం మనస్సాక్షి మీద ఆధారపడటానికి వీలు లేదు, అక్కడ చట్టమే మాట్లాడాలి. విశాఖ వంటి ఒక మేత్రాసనానికి ఉన్న రక్షణ, ఆ మేత్రాసనాలన్నిటికీ పెద్దదైన రోము పీఠానికి లేకపోవడం శ్రీసభ చట్టంలో పూరించవలసిన లోటు.

ఇవి కూడా చూడండి

* పోపు
* వాటికన్ నగరం
* కాంక్లేవ్
* రెండవ వాటికన్ మహాసభ
* విశాఖపట్నం అగ్రపీఠం
* పూల ఆంథోని